సంక్రాంతికి మిషను కావాలంటే ఏరువాక నాడే లెక్క మొదలెట్టాలి

పైన వీడియోలో మా షెడ్డులో ఉన్న వ్యాక్యూమ్ ప్యాకింగ్ మిషను ఎలా పనిచేస్తుందో చూపించాను. ఆ వీడియో కింద ఎక్కువ మంది అడిగింది ఒకటే ప్రశ్న: "మిషను ఖరీదు ఎంత? ఎక్కడ కొన్నారు?" ఈ రెండూ ఫోన్లో రెండు నిమిషాల్లో తెలిసిపోతాయి. ఎవరూ అడగని ప్రశ్న ఇంకోటుంది. "ఆర్డరు పెట్టిన రోజు నుంచి మొదటి ప్యాకెట్ బయటికొచ్చే రోజుకి ఎన్నాళ్ళు పట్టింది?" నన్ను దెబ్బతీసింది అదే. అందుకే ఇది వీడియోలో చెప్పకుండా తీరిగ్గా రాస్తున్నాను.

మాది గోదావరి డెల్టా. వ్యవసాయ డిప్లొమా చేశాను. దేశీ వరి పండించి, చుట్టుపక్కల రైతుల దగ్గర కూడా కొని, బియ్యం చేసి నేరుగా ఇళ్ళకి పంపుతాను. నవార, రత్నచోడి, కాలాబట్టి, మైసూరు మల్లిగ ఇలాంటివి. ఒక్క పట్టు వేసిన బియ్యం కాబట్టి తవుడు చాలావరకు గింజ మీదే ఉంటుంది. ఆ తవుడులో నూనె ఉంటుంది. అందుకే మన బియ్యానికి పురుగు తొందరగా పడుతుంది, ముక్క వాసన కూడా తొందరగా వస్తుంది. మందు గోళీలు పెట్టం కదా. గాలి తీసేసి ప్యాక్ చేస్తే పురుగుకి ఊపిరి ఉండదు, బియ్యం నెలల తరబడి నిలవుంటాయి. అందుకని 2023లో రెండు గదుల వ్యాక్యూమ్ మిషను కొందామని నిర్ణయించుకున్నాను.

అక్టోబరు 10న గుజరాత్‌లో తయారుచేసే వాళ్ళకి అడ్వాన్సు కొట్టాను. కొటేషన్‌లో "డెలివరీ 4 వారాలు" అని ఉంది. 4 వారాలంటే నవంబరు 7. దీపావళి 12న. పండగకి ముందే వచ్చేస్తుంది, కోతలు అయ్యేసరికి మిషను రెడీగా ఉంటుంది, సంక్రాంతి ఆర్డర్లు దులిపేద్దాం అనుకున్నా. ఆ ధైర్యంతోనే హైదరాబాద్, బెంగళూరు వాళ్ళ దగ్గర 140 ఆర్డర్లు ముందే తీసుకున్నాను. మా వీధిలో బాబాయ్ ఒకాయన నా మాట మీద రెండెకరాలు దేశీ వరికి మారాడు. ఆయన ధాన్యం నేనే కొంటానని, డబ్బు భోగి లోపు చేతిలో పెడతానని చెప్పాను.

మిషను ఆడింది జనవరి 11న. అంటే 28 రోజులు అనుకున్నది 93 రోజులైంది. సంక్రాంతి 15న. పండగ ముందు పార్శిల్ ఆఫీసుల్లో సరుకు ఎలా పేరుకుపోతుందో మీకు తెలుసు. 8వ తేదీ లోపు పంపకపోతే పండగకి అందదు. 60 మందికి పైగా డబ్బు వెనక్కిచ్చాను. అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి చేశాను. మిషను వచ్చేస్తుందన్న నమ్మకంతో డిసెంబరు మొదట్లోనే 30 బస్తాల ధాన్యం మర ఆడించేశాను. సుమారు 14 క్వింటాళ్ళ బియ్యం. తుపాను తర్వాత ముసురు, చెమ్మ. నెలాఖరుకి ఆరు క్వింటాళ్ళలో ముక్కు పురుగు కనబడింది. జల్లెడ పట్టి, తూర్పారబట్టి, వచ్చిన ధరకి తెగనమ్మాను.

బాబాయ్ రోజూ సాయంత్రం వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవాడు. "ఏరా అబ్బాయ్, మిషనొచ్చిందా?" అనేవాడు. డబ్బు సంగతి అడిగేవాడు కాదు. మిషను సంగతే అడిగేవాడు. ఆ మర్యాదే నన్ను ఎక్కువ కోసింది. చివరికి మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి భోగి ముందు రోజు ఆయన డబ్బు ఇచ్చాను.

ఆ మూడు నెలలూ కంపెనీ వాళ్ళని తిట్టని రోజు లేదు. పండగ అయ్యాక ఒక రాత్రి వాట్సాప్ మెసేజీలు, రసీదులు ముందేసుకుని రోజుల లెక్క వేశాను. అప్పుడు బయటపడిన నిజం ఇది.

అక్టోబరు 10న నేను అడ్వాన్సు ఇచ్చాను గానీ, కిలో ప్యాకెట్ ఇటుకలా రావడానికి అచ్చు ఏ సైజులో కావాలో చెప్పలేదు. వాళ్ళు రెండుసార్లు అడిగారు. నేను పౌచ్ ఏ సైజో తేల్చుకోలేదు, ఎందుకంటే లేబుల్ డిజైను అవ్వలేదు. చివరికి సైజు ఖాయం చేసింది అక్టోబరు 28న. 18 రోజులు అక్కడే పోయాయి. కొటేషన్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, 4 వారాలు "సాంకేతిక వివరాలు ఖరారైన తేదీ నుంచి" అని. అంటే వాళ్ళ గడువు నవంబరు 25. మిషను తయారైందని వీడియో పంపింది 27న. మధ్యలో దీపావళి సెలవులు ఉన్నా వాళ్ళు ఆలస్యం చేసింది రెండంటే రెండు రోజులు.

మిగతా రోజులు ఎటు పోయాయి? బ్యాలెన్సు డబ్బు సర్దడానికి నాకు 3 రోజులు. 30న లోడయ్యింది. డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. లారీలు ఎక్కడివక్కడ ఆగాయి. రాజమండ్రి ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి సరుకు చేరింది 9న. 9 రోజులు. అప్పుడు తెలిసింది, మిషనుకి త్రీ ఫేజ్ కరెంటు కావాలి, షెడ్డులో ఉన్నది సింగిల్ ఫేజ్. పక్కనే బోరు మోటారు లైను ఉంది కదా అనుకున్నా. వ్యవసాయ సర్వీసు వ్యవసాయానికే, ప్యాకింగ్ మిషనుకి వాడకూడదు. కొత్త సర్వీసుకి దరఖాస్తు పెట్టి, మీటరు వచ్చేసరికి 28వ తేదీ. 19 రోజులు. బిగించే మనిషి రావడానికి 9 రోజులు. ఆయన వచ్చాక ఫేజులు తారుమారై పంపు వెనక్కి తిరిగింది. అది సరిచేసి, అచ్చు సరిపెట్టి, నా బియ్యంతో ట్రయల్ చూసేసరికి ఇంకో 5 రోజులు.

మొత్తం కలపండి. 48 రోజులు కంపెనీ దగ్గర, అందులో 18 నావల్లే. 45 రోజులు మిషను తయారైపోయిన తర్వాత. మూడు నెలలు నేను తిట్టిన మనిషి తప్పు రెండు రోజులు.

దీన్ని మన డెల్టా రైతుకి ఒక్క మాటలో చెప్పొచ్చండి. ధవళేశ్వరంలో కాలవకి నీళ్ళు వదిలిన రోజు మన చేలో నీళ్ళు పడిన రోజు కాదు. పేపర్లో వదిలారని వస్తుంది. శివారు రైతు మాత్రం తన బోదె తడిసేదాకా నారుమడి తొక్కడు. మధ్యలో లాకులున్నాయని, తూడు ఉందని, గుర్రపుడెక్క అడ్డం పడి ఉంటుందని అతనికి తెలుసు. మరి మిషను దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎటు పోతోంది? కొటేషన్‌లో రాసే "డెలివరీ" ధవళేశ్వరం గేటు లాంటిది. వాళ్ళ ఫ్యాక్టరీ గుమ్మం దాటిన రోజు అది. మన షెడ్డులో ప్యాకెట్ సీలు పడిన రోజు వేరే. ఈ రెండిటి మధ్య కాలవంతా మన బాధ్యతే.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతున్నా. మనం మిషను కొనే తేదీ చూసుకుంటున్నాం. సరుకు పంపాల్సిన తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టడం లేదు. వరికి మాత్రం ఆ లెక్క ప్రతి ఒక్కడికీ వచ్చు. 140 రోజుల రకం అయితే కోత ఎప్పుడు రావాలో చూసి నారు ఎప్పుడు పోయాలో చెబుతాం. అదే లెక్క మిషనుకి వేసి చూపిస్తాను. తేదీలు మీవి మీరు మార్చుకోండి.

సంక్రాంతి సరుకు పార్శిల్ ఎక్కాల్సింది జనవరి 5. ప్యాకింగుకి 15 రోజులు, అంటే డిసెంబరు 21. వానకి, తుపానుకి, మన ఖర్మకి 20 రోజులు వదిలేయండి. అంటే మిషను డిసెంబరు 1కి ఆడాలి. బిగింపు, ట్రయల్ 15 రోజులు: నవంబరు 16. రవాణా 10 రోజులు: నవంబరు 6. బ్యాలెన్సు డబ్బు, చూసుకోవడం 5 రోజులు: నవంబరు 1. తయారీ 4 వారాలంటే నేను 6 వారాలు వేసుకుంటాను: సెప్టెంబరు 20. దసరా, దీపావళికి 10 రోజులు: సెప్టెంబరు 10. సైజులు, పౌచ్‌లు ఖరారు 15 రోజులు: ఆగస్టు 26. కొటేషన్లు తెప్పించి, ఒకటి రెండు చోట్ల ఆడుతున్న మిషను కళ్ళారా చూడటానికి 20 రోజులు: ఆగస్టు 6. లోను మీద కొనేట్టయితే బ్యాంకుకి రెండు నెలలు: జూన్ 7.

జూన్ 7 అంటే ఏరువాక రోజులు. సార్వా నారుమడి పోసేటప్పుడే మిషను ఫైలు కదలాలి. ఊడ్పులు అయ్యాక తీరిగ్గా చూద్దాం అనుకుంటే సంక్రాంతి దాటిపోతుంది. కోతలప్పుడు మొదలెడితే, నాలాగా, దాళ్వాకి పనికొస్తుంది.

లోను అన్నాను కాబట్టి ఒక మాట. 2020లో మొదలైన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో చిన్న ఆహార యూనిట్లకి 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ పెట్టారు. అది బ్యాంకు లోనుతో ముడిపడినది. మన వాటా కనీసం 10 శాతం పెట్టుకోవాలి. సబ్సిడీ డబ్బు మన చేతికి రాదు, లోను ఖాతాకే వెళుతుంది. అందుకని "ముందు కొనేద్దాం, తర్వాత సబ్సిడీ చూద్దాం" అనే లెక్క కుదరదు. మంజూరు ముందు, ఆర్డరు తర్వాత. సబ్సిడీ కావాలంటే దాని రోజులు కూడా మీ కాలెండర్లో రాసుకోండి. ఆ రోజులు లేకపోతే ఈ పంటకి సబ్సిడీ మాట మర్చిపోయి చిన్న మిషనుతో సరిపెట్టుకోండి. రెండూ కావాలనుకున్న వాళ్ళే మధ్యలో ఇరుక్కుంటున్నారు.

మన పండగలు మనకి తెలుసు, తయారుచేసే వాళ్ళ పండగలు కూడా తెలియాలి. గుజరాత్‌లో దీపావళి తర్వాత లాభపంచమి దాకా చాలా ఫ్యాక్టరీలు తెరవరు. కోయంబత్తూరు అయితే పొంగల్. రంగు వేరుచేసే సార్టెక్స్ లాంటివి చైనావి అయితే జనవరి, ఫిబ్రవరిల్లో వాళ్ళ కొత్త సంవత్సరం సెలవులు. ఇక్కడ తయారైన మిషన్లలోనూ కంట్రోలరు, సెన్సరు లాంటివి దిగుమతివి ఉంటాయి. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే ఒక్క ఓడ సూయెజ్ కాలువలో అడ్డం తిరిగితే 6 రోజులు దారి మూసుకుపోయి వందల ఓడలు ఆగిపోయాయి. ఒక్క లాకు దగ్గర తలుపు ఇరుక్కుంటే కింది చేలన్నీ ఎండినట్టే. "స్టాకులో ఉంది, రేపే పంపుతాం" అంటే మంచిదే, కానీ మిషను మీద నంబరు ప్లేటు కనబడేలా వీడియో అడగండి.

ఇక ఆర్డరు కాగితం మీద ఏం రాయించుకోవాలో నేను నేర్చుకున్నవి.

ఒకటి, గడువు ఏ రోజు నుంచి మొదలవుతుందో తేదీతో రాయించండి. సెలవులు అందులో కలిసే ఉన్నాయా అని అడగండి.

రెండు, డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి. 30, 40 శాతం అడ్వాన్సు. మన బియ్యం పది కిలోలు, మన పౌచ్‌లు పంపి, వాటితో మిషను ఆడిన వీడియో చూశాక మిగతాది. బిగించాక ఇచ్చేలా 5 శాతమైనా ఆపుకోండి. చిన్న కొనుగోలుదారుడికి ఒప్పుకోకపోవచ్చు, అడిగితే పోయేదేం లేదు.

మూడు, బిగించే మనిషి ఎవరు, ఎన్ని రోజుల్లో వస్తాడు, దారి ఖర్చు ఎవరిది. ఇది నోటిమాట కాకూడదు.

నాలుగు, సరుకు ఇంటికా, ట్రాన్స్‌పోర్టు గోడౌనుకా? రెండు గదుల మిషను నలుగురు ఎత్తేది కాదు. దింపడానికి మనుషులు, షెడ్డు తలుపు వెడల్పు ముందే కొలుచుకోండి. 50 వేలు దాటిన సరుకు కాబట్టి ఈ-వే బిల్లు ఉండాలి. దారి బీమా అడగండి.

ఐదు, హీటరు పట్టీలు, టెఫ్లాన్ గుడ్డ, మూత రబ్బరు, పంపు నూనె రెండో సెట్టు మిషనుతోనే తెప్పించుకోండి. పండగ వారంలో పాతిక రూపాయల పట్టీ కోసం మిషను ఆగితే ఆ బాధ చెప్పలేం.

మిషను దారిలో ఉండగా మనం చేతులు కట్టుకు కూర్చోకూడదు. త్రీ ఫేజ్ సర్వీసు అడ్వాన్సు ఇచ్చిన వారమే దరఖాస్తు పెట్టాలి. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, ప్యాకెట్ మీద రాయాల్సిన బరువు, ధర, తయారీ నెల, ఫిర్యాదు ఫోను ఇవన్నీ తేలాకే పౌచ్ ముద్రణకి ఇవ్వాలి. రంగుకొక సిలిండరు చెక్కిస్తారు, ఒక్క అక్షరం మారినా మళ్ళీ ఖర్చు, మళ్ళీ రోజులు. మొదటి ఏడాది ఖాళీ పౌచ్ మీద స్టిక్కరు వేసుకోవడమే మేలు. ఎలక్ట్రానిక్ కాటాకి తూనికల శాఖ ముద్ర ఏడాదికోసారి వేయించాలి, అది కూడా అప్పుడే చూసుకోండి.

ఇంక చెయ్యకూడనివి రెండు. మిషను ఆడేదాకా ధాన్యం మర ఆడించకండి. ధాన్యం ఊక లోపల ఉన్నంతకాలం భద్రం. బియ్యం అయిన రోజు నుంచే దాని ఆయుష్షు లెక్క మొదలవుతుంది. రెండోది, రాని మిషనుని చూపించి కొనేవాళ్ళకి తేదీ చెప్పకండి, రైతుకి మాట ఇవ్వకండి. మన దగ్గర అమ్ముడుపోతున్నది బియ్యం ఒక్కటే కాదు, మాట కూడా.

దీనికి కొందరు మిత్రులు అనేది నాకు తెలుసు. "ప్రకృతి వ్యవసాయంలో మిషన్లు ఎందుకండీ? ఆవు, చేను, చేతి సీలరు చాలు" అంటారు. ఒప్పుకుంటాను, పంటకి పది క్వింటాళ్ళ లోపు అమ్మేవాళ్ళు అసలు కొనొద్దు. పక్కూరి మిషను మీద కూలి ఇచ్చి ప్యాక్ చేయించుకోండి, లేదా పదిమంది కలిసి ఒకటి పెట్టుకోండి. కానీ దేశీ వరి మొదలెట్టిన రైతు రెండో ఏడాది మానేస్తున్నాడంటే చాలాసార్లు కారణం దిగుబడి కాదు, నిలవ లేక తక్కువకి అమ్ముకోవడం. అక్కడ ప్యాకింగ్ కూడా వ్యవసాయంలో భాగమే. ఇంకొందరు "పూర్తి డబ్బు ముందే ఇస్తే తొందరగా పంపుతారు" అంటారు. నా లెక్క చూడండి, 93 రోజుల్లో కంపెనీ తొందరపడితే కలిసొచ్చేది ఎన్నాళ్ళు? కరెంటు మీటరు వాళ్ళ చేతిలో లేదు, నా పౌచ్ సైజు వాళ్ళ చేతిలో లేదు.

మన వీడియోల మీద కూడా నాకు ఒక ఫిర్యాదు ఉంది, అందులో నేనూ ఉన్నాను. కొత్త మిషనుకి కొబ్బరికాయ కొట్టిన రోజు అందరం వీడియో తీస్తాం. దాని ముందు మూడు నెలలు ఎవరూ చూపించం. చూసిన రైతు అడ్వాన్సు కొట్టడమే ఆలస్యం, పండగకి ప్యాకెట్లు వెళ్ళిపోతాయనుకుంటాడు. ఇకనుంచి మిషను వీడియో పెట్టే ప్రతి ఒక్కరూ ఒక్క మాట చెప్పండి: ఆర్డరు తేదీ, ఆడిన తేదీ. ఆ రెండు తేదీలు ఖరీదు కంటే ఎక్కువ మందిని కాపాడతాయి.

2025లో నవార పిండి నింపడానికి ఆగర్ ఫిల్లరు అనే పొడుల మిషను కొన్నాను. ఈసారి లెక్క జూన్‌లోనే గోడ మీద కాలెండర్లో రాశాను. చెప్పిన రోజు కంటే 14 రోజులు ఆలస్యంగా వచ్చింది. అయినా అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటేసరికి మిషను షెడ్డులో బిగించి, టార్పాలిన్ కప్పి ఉంది. ఆ 14 రోజుల సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. సంక్రాంతి సరుకు జనవరి 4కే వెళ్ళిపోయింది.

బాబాయ్ ఇప్పుడు మూడెకరాలు దేశీ వరి వేస్తున్నాడు. మొన్న ధాన్యం డబ్బు తీసుకోవడానికి వచ్చి, కొత్త మిషను చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇదెప్పుడొచ్చిందిరా, నాకు చెప్పనేలేదు" అన్నాడు. ఆయ్, చెప్పలేదు బాబాయ్, ఆడాక చెబుదామని ఆగాను అన్నాను.

మీలో ఎవరైనా మిషను కొని ఉంటే మీ రెండు తేదీలు కింద రాయండి. కొత్తగా కొనేవాళ్ళకి ఎంతో ఉపయోగం. ఉంటానండి.